పెద్దన్న చేతికి చెప్పిన పాఠం

మొన్న సూర్యాపేటలో ఒక పెళ్లికి వెళ్లి, కుర్చీలు చాలక కింద చాప మీద గంటసేపు కూర్చున్నాను. లేవబోతే కుడికాలు మొద్దుబారిపోయింది. పక్కావిడ భుజం పట్టుకుని లేచాను. ఆవిడ నన్నూ నా బరువునూ ఒకసారి కొలిచినట్టు చూసింది. కాసేపటికి పాదమంతా చీమలు పాకినట్టయి ప్రాణం తిరిగొచ్చింది. అలా తిమ్మిరి వదిలినప్పుడల్లా నాకు మా పెద్దన్న కుడిచెయ్యి గుర్తుకొస్తుంది.

మాది త్రిపురారం దగ్గర ఊరు. గొర్రెలు పెంచే ఇల్లు, కాలవ కింద కొద్దిగా పొలం. ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. జువాలజీలో ఎమ్మెస్సీ చేసి సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. నా చదువు మీద పెద్దన్నకు ఎంత గురి అంటే, గొర్రె దగ్గినా, కోడి గుడ్డు పెట్టకపోయినా ఊళ్లో టెలిఫోన్ బూత్‌కు వెళ్లి నాకు ఫోన్ చేసేవాడు. "మా చెల్లెకు ఎరికే" అని ఊరందరికీ చెప్పేవాడు. నాకు తెలియదని నేనెప్పుడూ అనలేదు. ఆ మాట అనడం నాకు ఇష్టముండేది కాదు. ఆయన మాత్రం తనకు తెలిసిన పని గురించి ఎప్పుడూ చెప్పుకోలేదు. గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకుని పెద్ద కత్తెర ఆడిస్తుంటే, ఉన్ని దుప్పటి తీసినట్టు ఒకే పొరగా ఊడొచ్చేది. గొర్రెకు గీత పడేది కాదు.

2003 ఎండాకాలంలో గాలిదుమారానికి గొర్రెల కొట్టం మీది రేకు లేచింది. దాన్ని దించబోయి పెద్దన్న వెనక్కి పడ్డాడు. రేకు అంచు మోచేయి లోపలివైపు లోతుగా కోసింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు కుట్లు వేసి కట్టు కట్టాడు. పదిహేను రోజుల్లో గాయం మానింది కానీ, చిటికెనవేలికీ ఉంగరంవేలికీ స్పర్శ లేదు. రెండూ లోపలికి ముడుచుకున్నాయి. కత్తెర పడితే జారిపోతోంది. మిర్యాలగూడలో పెద్ద డాక్టరుకు చూపించమని ఆరెంపీ చెప్పాడు. పెద్దన్న సూర్యాపేట బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు.

నేను అప్పుడే క్లాసులో నాడీకణం పాఠం ముగించి ఉన్నాను. నోటుబుక్కులో బొమ్మ గీసి మరీ చెప్పాను. తెగిన నరం కొస నుంచి సన్నటి పోగు మొలుస్తుంది. ముందున్న కణాలు కొన్ని రసాయనాలు వదిలి దాన్ని ఇటు రమ్మంటాయి. ఆ సంకేతం కొసకు తగలగానే లోపల ఒక అణువు ఇంకోదాన్ని తట్టి లేపుతూ కబురు కణం నడిమిదాకా పోతుంది. అక్కడి నుంచి పెరగడానికి కావలసిన సరుకు బయల్దేరుతుంది. రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. ఇదంతా చెప్పి, జాకెట్లు కొలిచే టేపు తెచ్చి మోచేయి నుంచి వేళ్లదాకా కొలిచాను. ముప్ఫై సెంటీమీటర్లు.

"మూడొందల రోజులు ఓపిక పట్టు అన్నా."

"అయితే వచ్చే ఎండాకాలం ఉన్ని నేనే కత్తిరిస్త" అని నవ్వాడు. ఒక క్షణం ఆగి, "డాక్టర్ తానికి పోవాల్నా మల్ల?" అన్నాడు.

"కోసి కెలికితే ఇంకింత పాడైతది. ఆగు."

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. నేనే అన్నాను.

ఊరికి వెళ్లినప్పుడల్లా మోచేతి మచ్చ మీద వేలితో తట్టేదాన్ని. కరెంటు కొట్టినట్టు ఝుమ్మంటోందనేవాడు. నరం పెరుగుతుంటే ఆ ఝుమ్మనే చోటు నెలనెలా మణికట్టు వైపు జరగాలి. అది నాకు తెలుసు. మూడో నెలలో అది మచ్చ దగ్గరే ఉంది. ఐదో నెలలోనూ అక్కడే ఉంది. చెయ్యి వదిలేసి "వస్తది" అన్నాను. ఆయన తలూపాడు. ఆ నెలలోనే ఉడుకు గిన్నెకు వేళ్లు ఆనించి, కాలిన సంగతి కూడా తెలియక బొబ్బలు తెచ్చుకున్నాడు. "జర పట్నం తీస్కపోదామా?" అని వదినె మెల్లగా అడిగింది. "ఇంక టైముంది వదినె" అన్నాను.

పదో నెలకు బొటనవేలి పక్కన కండ కరిగి గుంటపడింది. అప్పుడు హైదరాబాద్ వెళ్లాం. డాక్టరు చేయి తిప్పి చూసి, నరం పూర్తిగా తెగిందనీ, రెండు కొసలూ కలిపి కుట్టకుండా అది దారి పట్టదనీ చెప్పాడు. "అవతలి ముక్కలో కణాలు కొన్ని నెలలే పిలుస్తాయి. తర్వాత పిలవడం మానేస్తాయి. కండ కూడా అంతే. ఇప్పుడు కుట్టినా వేళ్లదాకా చేరేలోపు అక్కడ ఏమీ మిగలదు. ఇన్నాళ్లు ఎవరు ఆగమన్నారు?"

"మేమే అనుకున్నం సార్" అన్నాడు పెద్దన్న.

నేను డాక్టరు రాసిన చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. బస్టాండులో వదినె నా వైపు తిరిగింది. "నీ సదువు మా ఇంటికి రాకపోయినా బాగుండు" అంది. ఆ తర్వాత ఆమె నాకు అన్నం పెట్టింది, నీళ్లిచ్చింది. మాట మాత్రం కలపలేదు.

గొర్రెలు చేతులు మారాయి. పెద్దన్న మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. నేను కోదాడ కాలేజీకి మారాను. ఏటా ఆ పాఠం వచ్చేది. ఏటా డాక్టరు చెప్పిన ముక్క సిలబస్‌లో లేకపోయినా చెప్పేదాన్ని. "పరీక్షలో వస్తదా మేడం?" అని అడిగి, రాదనగానే పిల్లలు పెన్నులు కింద పెట్టేవాళ్లు.

2014లో ఒక మధ్యాహ్నం మిల్లుకు వెళ్లాను. ఉడికిన వడ్ల వాసన గేటుదాకా వస్తోంది. పెద్దన్న స్టూలు నాకిచ్చి, తాను గోడకు ఆనుకున్నాడు. పదేళ్లుగా దాచుకున్నది అప్పుడు బయటపెట్టాను. "అన్నా, ఐదో నెలలనే నాకు అనుమానమొచ్చింది. నీకు చెప్పలేదు."

ఆయన ఆశ్చర్యపోలేదు. "నాకు గప్పుడే ఎరుకైంది" అన్నాడు. "నువ్వు తట్టి సూస్తుంటివి, నేను నీ మొహం సూస్తుంటి. ఇగ రాదని తెలిసింది. డాక్టర్ తానికి పోతే నలుగుట్ల నువ్వు సిన్నబోతవని సప్పుడు జెయ్యలే."

లోపల లారీ వెనక్కి వస్తుంటే గేటు తీయడానికి కదిలాడు, ఎడమచేత్తో. నన్ను తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు చెప్పేదాన్ని. ఆయన నా పరువు కాపాడాడు, నేనూ నా పరువే కాపాడుకున్నాను. చేతిని కాపాడడానికి ఇంకా కొద్దిగా వ్యవధి మిగిలిన ఆ రోజుల్ని మా దగ్గర ఎవరూ లాక్కోలేదు. ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, మేమే పోనిచ్చాం.