నేలమాళిగలో పరువు

అమెరికాలోని మైన్ రాష్ట్రంలో, సెయింట్ జాన్ నది ఒడ్డున ఉన్న మా ఊళ్లో చలికి వణకనివాళ్లు లేరు. లుసీల్ పిన్ని మాత్రం తన నేలమాళిగలోకి ఎవరైనా దిగుతారేమోనని వణికేది. బతుకంతా ఆలుగడ్డల గోదాములో మచ్చపడ్డ దుంపల్ని ఏరిపారేసి, మచ్చ అంటేనే పడని మనిషై కూర్చుంది. మొగుడు పోయాక ఆ ఇల్లే ఆవిడ లోకం.

ఊరికి ఆయిల్ లారీ నడిపేది నేనే. చలికాలం మొదట్లో ఒకరోజు పిన్ని నేలమాళిగలోకి దిగి, ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ట్యాంకు అడుగున చెయ్యి పెడితే తడి తగిలింది. పైనేమో నిగనిగలాడే బూడిదరంగు. ఏటా రంగు వేస్తుంది మహాతల్లి.

"పిన్నీ, ఇది కారుతోంది. ఇందులో ఆయిల్ పోస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"కారడం ఏంట్రా? కాస్త చెమ్మ, అంతే. రోజూ తుడుస్తున్నాగా!"

"రోజూ తుడవాల్సొస్తోందంటేనే కారుతోందని!"

కొత్తది కొనే స్తోమత ఆవిడకి లేదు. పాడైన ట్యాంకులు మార్చుకోవడానికి ఇళ్లవాళ్లకి ప్రభుత్వం డబ్బిస్తోందని నేనే అర్జీ పెట్టించాను. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలియగానే ఆవిడ చేసిన నిర్వాకం తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నేల కడిగింది, ట్యాంకుకి కొత్తగా రెండు పూతలు వేసింది, కింద చాప పరిచింది. పంది మాంసం కూరి, 'పై' అనే రొట్టె కూడా కాల్చింది. ఆయన సుష్టుగా తిని, ట్యాంకు చుట్టూ తిరిగాడు.

"ఇంత చక్కటి ట్యాంకు ఈ చుట్టుపక్కల చూళ్లేదమ్మా. దీనికి సాయం దేనికి?" అని వెళ్లిపోయాడు.

పిన్ని ముఖం వెలిగిపోయింది.

"బావుంది! ఇక చలికాలమంతా ఆ మెచ్చుకోలు కప్పుకుని పడుకో" అన్నాను.

మంచు మొదలైంది. ట్యాంకులో ఆయిల్ అడుగంటింది. పిన్ని వంటగదిలో ఓవెన్ తలుపు తెరుచుకుని, కోటు వేసుకునే కూర్చునేది. చివరికి తనే ఇనప బ్రష్షు పట్టుకుని కిందకి దిగింది. రంగు పోయేసరికి తుప్పు పెళ్లలు పెళ్లలుగా ఊడింది. ఇంట్లో ఉన్న తుడుపు గుడ్డలన్నీ మూటగట్టి నా చేతిలో పెట్టింది.

"తీసుకుపోరా. నా దగ్గరుంటే తుడిచేస్తాను."

నేను కబురు పెడితే ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చి ఫొటోలు తీస్తుంటే గోడవైపు తిరిగి నిలబడింది.

"మా ఇల్లెప్పుడూ ఇలా ఉండదు బాబూ."

"ఇలా ఉండబట్టే సాయం వస్తోందమ్మా" అన్నాడాయన.

కొత్త ట్యాంకు వచ్చింది. నేనే నింపాను. ఇల్లు వెచ్చబడింది.

జనవరిలో ఆ ఇన్‌స్పెక్టర్ ఆఫీసువాళ్లు ఇంటింటికీ ఒక కరపత్రం పంపారు. 'ఇలాంటి ట్యాంకు మీ ఇంట్లో ఉందా?' అని పెద్ద అక్షరాలు, కింద పిన్ని పాత ట్యాంకు. పేరు వెయ్యలేదు, పాపం. పక్కనే పిన్ని పెట్టే బీట్‌రూట్ ఊరగాయ సీసాల వరస మాత్రం స్పష్టంగా పడింది. ఊరంతా తిన్న సీసాలే, గుర్తుపట్టక చస్తారా? ఆ ఆదివారం పిన్ని చర్చికి రాలేదు.

మర్నాడు నేను వాళ్లింట్లో కాఫీ తాగుతుంటే పెరటి తలుపు చప్పుడైంది. జెర్మేన్ సీర్. చర్చి బల్లగుడ్డల మీద ముడతైనా పడనివ్వని మనిషి. నన్ను చూసి తటపటాయించి, గొంతు తగ్గించింది.

"ఎవరికీ చెప్పకు లుసీల్, మాదీ అలాగే ఉంది. రంగు వేసి నెట్టుకొస్తున్నా. అసలు నువ్వెలా చూపించావే, సిగ్గు లేకుండా?"

పిన్ని భగ్గుమంటుందనుకున్నాను. నెమ్మదిగా ఇంకో కప్పు తీసి బల్ల మీద పెట్టింది.

"సిగ్గు లేక కాదు వదినా. చలేసి."