అన్నం తిన్నాక చెప్పిన కబురు

మిర్యాలగూడ బస్టాండులో పొద్దున ఏడూ పదికి సూర్యాపేట బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, కిటికీ పక్క సీటు కూడా దొరికింది. అయినా ఎక్కిన క్షణం నుంచి దిగి ఇంటికి పోదామనే అనిపించింది.

కోదాడలో ఆ రోజు లావణ్య వాళ్ల నాన్న సంవత్సరీకం. నన్నెవరూ పిలవలేదు. లావణ్య ఐర్లాండ్ నుంచి వచ్చిందని తెలిసి నేనే బయల్దేరాను. అక్కడ మేం కలిసి చదువుకున్నాం. నేను చదువు ముగించుకుని వేసవిలో ఇంటికొచ్చేశాను. ఏడాదిగా అది నాతో మాట్లాడటం లేదు. దాని ఎదుట నిలబడి క్షమించమని అడగాలి, తిట్టినా సరే, మళ్లీ మాట కలపాలి. నా ప్రయాణమంతా అందుకే.

జరిగింది చెప్తాను. నిరుడు దసరాకు ఐర్లాండ్‌లో మా అద్దె ఇంట్లో భోజనాలు పెట్టాను. పేరుకే నేను పెట్టడం, తలా ఒక వంటకం తేవాలని మాట. పన్నెండు మందిమి. సూర్యాపేట స్రవంతి, నేను ఒకే ఇంట్లో ఉండేవాళ్లం గనక మటన్, గారెలు మా వంతు. పులిహోర ఒకరు, పచ్చిపులుసు ఒకరు. లావణ్య పార్ట్‌టైమ్ పని ముగించుకుని ఐదున్నరకు వస్తూ పెరుగు తెస్తానంది. జమ్మి ఆకు ఆ దేశంలో ఎక్కడ దొరుకుతుంది? ఏదో చెట్టు ఆకులు కోసుకొచ్చి పళ్లెంలో పెట్టాం.

మధ్యాహ్నం మూడింటికి, చేతులకు పిండి అంటుకుని ఉండగా, లావణ్య వాళ్ల బాబాయి ఫోన్ చేశాడు.

"అన్న పోయిండు బిడ్డా. గుండెపోటు. లావణ్యకు మేం సెప్పలేం. నువ్వే దగ్గరుండి సెప్పు. ఖాళీ కడుపుతోని సెప్పకు, ఇంత తిన్నంక సెప్పు."

మా వైపు ఇది ఉన్నదే. చావు కబురు తెలిస్తే శవం లేచేదాకా ఇంటివాళ్లు ముద్ద ముట్టరు. అందుకని కబురు తెచ్చినవాళ్లు ముందు ఇంత తినిపిస్తారు, ఆ తర్వాతే నోరు విప్పుతారు. మా అమ్మమ్మ పోయినప్పుడు మా అమ్మకూ అట్లాగే చెప్పారు. తినిపించి చెప్పడమే మంచితనమని చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను.

ఐదున్నరకు లావణ్య వచ్చింది. అప్పుడే నాలుగు ముద్దలు పెట్టి చెప్పి ఉంటే రాత్రి పదిన్నర విమానం అందేది. విమానాశ్రయం మేముండే ఊరి నుంచి బస్సులో మూడు గంటలు. నా బుర్రకు విమానమే తట్టలేదు! అందరూ రానీ, పండుగ పూట అందరితో కడుపునిండా తిననీ అనుకున్నాను. ఏం తెలివో నాది, తగలెయ్య. వచ్చేవాళ్లు తీరుబడిగా వచ్చారు. ఏడున్నరకు వడ్డన మొదలైంది. "ఇంకో గారె వేసుకోవే" అని నా చేత్తో నేనే వేశాను. వాళ్ల నాన్నకు చూపిద్దామని అది పళ్లేన్ని ఫోటో తీసి ఆయన ఫోన్‌కే పంపింది. నేను చూస్తూ నిలబడ్డాను. నాతోపాటు మూడింటికే కబురు తెలిసిన స్రవంతి వంటింట్లోకి పోయి ఏడ్చి వచ్చింది.

ఎనిమిదిన్నరకు, చేతులు కడుక్కున్నాక చెప్పాను. లావణ్య బాత్రూంలోకి పోయి గొంతులో వేళ్లు పెట్టుకుని తిన్నదంతా కక్కింది. బయటికొచ్చి, "నీకెప్పుడు తెలిసింది?" అంది. మూడింటికి అన్నాను. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. తర్వాతి విమానం మర్నాడు మధ్యాహ్నానికి గానీ దొరకలేదు. ఇక్కడ కోదాడలో మర్నాడు చీకటిపడేదాకా దాని కోసం చూసి, ఇక ఆగలేక దహనం చేశారు. ఒక్కగానొక్క కూతురు. ఆఖరి చూపు దక్కలేదు.

బస్సు ఎనిమిదీ నలభైకి సూర్యాపేట చేరింది. స్రవంతి నెల రోజుల సెలవుకు వచ్చి ఉంది, ఇద్దరం కలిసి పోదామని అనుకున్నాం. బస్టాండులో టీ కొట్టు దగ్గర నిలబడి ఉంది. చేతిలో సంచి లేదు, కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు.

"నేను రానే. నాకు ధైర్యం సాల్తలేదు," అంది.

"నాకు మాత్రం ఉందా?"

"నువ్వు చెప్పినవ్ గనక నువ్వు పో. నేను గాడ నిలబడి ఏమనాలె?"

కోపం వచ్చింది. టీ తాగకుండానే తొమ్మిదిన్నర కోదాడ బస్సెక్కాను. పక్కన కూర్చున్న పెద్దమ్మ టిఫిన్ డబ్బా తీసి ఇడ్లీ నా ముందుకు జరిపింది. "మొకం పీక్కపోయింది బిడ్డా, ఏం తినకుండ ఎల్లినవా? జర ఒక్కటి తిను." వద్దన్నాను. ఆమె నాకేసి ఒకసారి చూసి తన పాటికి తను తిన్నది. హైవే మీద బస్సు బాగానే పోయింది, దారి పొడుగునా వరి పచ్చగా ఉంది. అంత పచ్చదనం కూడా నా కంటికి ఆనలేదు.

పదీ యాభైకి కోదాడలో దిగి ఆటోలో ఇంటికి పోయాను. లావణ్య వాళ్ల అమ్మ గుమ్మంలోనే చేయి పట్టుకుంది. "వచ్చావా అమ్మా? ఎండన పడి వచ్చావు, లోపలికి రా." ఫోటోకు దండ వేసి దండం పెట్టాను. లావణ్య చిక్కి సగమైంది. నన్ను చూసి ఏదో అనబోయి ఆగింది.

పన్నెండున్నరకు విస్తళ్లు వేశారు. లావణ్యే వడ్డిస్తోంది. నా దగ్గరకొచ్చి అన్నం, పప్పు పెట్టింది, గారె వేసింది. "సరిపోయిందా?" అని అడిగింది కూడా. నా పిచ్చి గానీ, కరిగిందనే అనుకున్నాను. ఏడాది తర్వాత దాని గొంతు విన్న ఆనందంలో మారు అన్నం పెట్టించుకుని మరీ తిన్నాను.

పెరట్లో చేతులు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్లు తనే పోసింది.

"తిన్నావా?" అంది.

"తిన్నానే."

"నువ్వు రాంగనే చెప్దామనుకున్నా. ఎండన పడి వచ్చినవ్, తినకముందు చెప్పడానికి నోరు రాలేదు." ఆ మాట తన నోటినుంచే వచ్చినందుకు తనే ఒక క్షణం బిత్తరపోయింది. అయినా ఆగలేదు. "బాబాయి నాకు అంతా చెప్పాడు. నీది తప్పు కాదు, నాకు తెలుసు. కానీ నీ మొకం చూస్తే ఆ పళ్లెం యాదికొస్తది. అప్పటినుంచి నాకు సరిగ్గా ముద్ద దిగట్లేదు. ఇగ రాకు. ఫోన్ కూడా చెయ్యకు."

క్షమించమని అడగడానికి పోయినదాన్ని. తప్పే లేదన్న మనిషిని దేనికని క్షమించమని అడగను? తడి చేతులు చున్నీకి తుడుచుకుని, వాళ్ల అమ్మకు పోయొస్తానని చెప్పి వచ్చేశాను.

కోదాడ నుంచి మిర్యాలగూడకు హుజూర్‌నగర్ మీదుగా నేరుగా బస్సుంది, సూర్యాపేట చుట్టు తిరగక్కర్లేదు. నేను రెండూ నలభై ఐదు బస్సెక్కాను. కూర్చోడానికి చోటు సులువుగానే దొరికింది. ఇట్లాంటి పని మీద పోయేవాళ్లు ఎవరైనా ఉంటే ఒకటే చెప్తాను, పోతే మనసు తేలికవుతుందని ఆశపడి మాత్రం పోకండి. నేను పోయి, మిగిలిన కాస్త ఆశను కూడా అక్కడే వదిలేసి వచ్చాను.

హుజూర్‌నగర్ దాటాక పక్క సీటావిడ పలకరించింది.

"చుట్టాల ఇంటికి పోయొస్తున్నవా బిడ్డా?"

"సంవత్సరీకానికి పోయి వస్తున్న."

"అయ్యో. మీకేమైతరు?"

"ఏం కారు," అన్నాను.