పోయే ఇల్లు, ఉండే ఇల్లు

మా చిన్నమ్మ కూతురి మెడలో ఒక నల్లదారం ఉండేది. దానికి వాళ్ల ఇంటి తాళంచెవి. బడిలో కూడా తీసేది కాదు. లెక్కల పీరియడ్‌లో దాన్ని పళ్ల మధ్య పెట్టుకుని కొరుకుతూ కూర్చునేది. పదో తరగతి చదివిన ఆ ఏడాదంతా నేను ఆ తాళంచెవిని చూసి కుళ్లుకున్నాను.

మాది ఆస్పరి వైపు మెట్ట ఊరు. వాళ్లది నందవరం దగ్గర. రెండు ఊళ్లలోనూ మావాళ్లు క్రిస్మస్ చేసుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోతారు. దాన్ని మేము సుగ్గి అంటాం. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారానికి గాని తిరిగి రారు. మా అమ్మానాన్నా పోయేవారు, చిన్నమ్మా చిన్నాయనా పోయేవారు. తేడా అంతా సర్కారు ఇచ్చిన ఇళ్ల దగ్గరే వచ్చింది.

మా ఊళ్లో ఇంటిస్థలాల కోసం గ్రామసభ పెట్టినప్పుడు సగం ఊరు మిరపచేలల్లో ఉంది. ఊళ్లో ఉన్నవాళ్లు, అంటే అంగళ్లవాళ్లు, బోర్లున్నవాళ్లు, రోడ్డు పక్క వరుసలు తీసుకున్నారు. ఊళ్లో లేనివాళ్లకు మిగిలింది వెనక వరుస. మేము వచ్చేసరికి సున్నంతో గీతలు గీసి రాళ్లు కూడా పాతేశారు. అట్లా మా వీధి మొత్తం సుగ్గికి పోయేవాళ్లదే అయింది. క్రిస్మస్ దాటితే చాలు, ఈ కొస నుంచి ఆ కొస దాకా తాళాలే. అలాంటి వీధిలో ఒంటరి ఆడపిల్లను ఎవరు వదిలిపోతారు? అందుకే తొమ్మిదో తరగతిలో నేనూ వాళ్లతో పోయి మిరపకాయలు కోశాను. సగం పాఠాలు పోయాయి. పదిలోనూ అదే జరిగితే నా చదువు అంతటితో సరి.

చిన్నమ్మ వాళ్ల ఊరు వేరే రకం. సభ పెడతామని వచ్చిన అధికారులకు కుర్చీలు వేసి, టీ ఇచ్చి, "మావోల్లు సుగ్గి నుంచి రానీ సార్, అప్పుడు పెట్టండి" అని పంపేశారట. అందరూ వచ్చాక జరిగిన సభలో చిన్నమ్మే లేచి అడిగిందట.

"సుగ్గికి పోయేటోల్ల ఇల్లొకటి, దాని పక్కన ఊర్లోనే ఉండేటోల్ల ఇల్లొకటి, అట్ల ఇయ్యండి సార్. మేము పోతే మా పిల్లోల్లను పక్కింటోల్లు సూసుకుంటారు."

సర్వేయరు నవ్వాడట. స్థలాలు పెరగవు, తగ్గవు, ఎవరిది ఎక్కడుంటే మీకేమని ఊరంతా పట్టుబడితే ఒప్పుకున్నాడట. ఈ సంగతి చిన్నమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! విన్నప్పుడల్లా నాకు కడుపుమంట. మా ఊరికి ఆ నోరు ఎందుకు లేకపోయింది?

చివరికి అమ్మ నన్ను పదో తరగతికి ఆ ఊరి బడిలోనే చేర్చింది. చిన్నమ్మ వాళ్ల పక్కనున్న 'ఉండే ఇల్లు' ఒక అవ్వది. బర్రెలున్నాయి కాబట్టి అవ్వ ఎక్కడికీ కదలదు. సుగ్గి రోజుల్లో మేమిద్దరం అవ్వ దగ్గరే పడుకునేవాళ్లం, అవ్వ చేసిన ఉగ్గాని తిని బడికి పోయేవాళ్లం. సాయంత్రం మాత్రం ఆ పిల్ల మెడలో దారం తీసి, తమ ఇంటి తాళం తీసి, ఊడ్చి, లైటు వేసి, గడప మీద కాళ్లు చాపుకుని కూర్చునేది. ఏం దర్జా! నేను పుస్తకాల సంచి పట్టుకుని చుట్టంలాగా నిలబడేదాన్ని. మాకూ ఇల్లుంది. దాని తాళంచెవి గుంటూరులో అమ్మ కొంగున ఉంది.

"ఒగసారి ఇయ్యే, నేను తీస్తా," అన్నాను ఒకరోజు.

"పోగొడ్తావులేక్కా."

"నేనేమన్నా సిన్నపిల్లనా?"

"మా యమ్మ ఎవురికీ ఇయ్యద్దనింది."

ఎవరికీ అంటే నాకు కూడా. ఆ పూట అన్నం సయించలేదు. అవ్వ నా పళ్లెం చూసి, "ఏమి పాపా, ముద్ద దిగల్యా?" అంది. తలనొప్పి అన్నాను. పరీక్షల్లో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. అయినా అసూయ రవ్వంత కూడా తగ్గలేదు. మార్కులు మెడలో వేసుకుని తిరగలేం కదా.

తర్వాత ఆదోనిలో ఇంటర్ చదివాను. మా ఊళ్లోనే పెళ్లయింది. మా ఆయనకు పిండిగిర్ని ఉంది, కాబట్టి మేమిప్పుడు ఉండేవాళ్లం. కొన్నాళ్లకు రెండో విడత స్థలాలన్నారు. సభ మళ్లీ సుగ్గి రోజుల్లోనే! పోయినవాళ్లు వచ్చాకే సభ పెట్టాలని, పోయేవాళ్ల పక్కన ఉండేవాళ్లకు స్థలాలివ్వాలని గిర్నికి వచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. పిండి పట్టేదాకా వినక తప్పదు కదా. గుంటూరులో ఉన్నవాళ్లకు ఫోన్లు చేశాను. అందరం కలిసి సభను మట్టలాదివారం తర్వాతికి జరిపించాం. పదిమందిలో ఎప్పుడూ నోరు విప్పని మా అమ్మ ఆ రోజు లేచి నిలబడింది.

"మేము ల్యానప్పుడు మా ఇండ్లు యాడుండాల్నో మీరెట్ల సెప్తారు సార్?"

సార్లు తెచ్చిన పటం పక్కన పెట్టి కొత్తది గీశారు. పోయే ఇల్లు, ఉండే ఇల్లు పద్ధతి మా ఊరికీ వచ్చింది. అది చిన్నమ్మ వాళ్ల ఊరి ఆలోచన అని చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. వాళ్లకు ఆ గొప్ప కూడా దేనికి?

కొత్త వరుసలో మాకూ ఒక స్థలం దక్కింది. పక్కిల్లు సుగ్గికి పోయేవాళ్లది. వాళ్లమ్మాయి ఈ ఏడు పదో తరగతి. మెడలో ఎర్రదారం, దానికి తాళంచెవి. సాయంత్రం తాళం తీసి, లైటు వేసుకుని, గడప మీద కూర్చుని చదువుకుంటుంది. పడుకోవడానికి మా ఇంటికి వస్తుంది. చూస్తే సంతోషంగానే ఉంటుంది. కడుపులో పాత మంట కూడా లేస్తుంది. నేను ఊరంతా చెప్పి తెచ్చుకున్న వీధి ఇది, అనుభవించేది మాత్రం ఆ పిల్ల.

మొన్న స్నానానికి పోతూ దారం తీసి నా చేతిలో పెట్టింది.

"నీ తాన పెట్టుకో అక్కా, తలకు పోసుకొనొస్తా."

పోగొడతావేమో అనలేదు. నీళ్ల చప్పుడు ఆగేదాకా ఆ తాళంచెవిని మెడలో వేసుకుని వాళ్ల గడప మీద కూర్చున్నాను.