ఏకగ్రీవంగా తప్పిన ఐదు గడియారాలు

కళాశాల చర్చావేదిక మీద నేను విసిరిన సవాలే నన్ను సోమందేపల్లెకు పంపింది. "ఖగోళశాస్త్రంలో గణాంకాలవాళ్లకు పనేమిటి?" అన్నాడు ప్రత్యర్థి. "ఐదుగురు మామూలు చేతి గడియారాలతో చూసినా, సగటు తీసి అర నిమిషం తేడాలో నిజం చెబుతాను. చెప్పలేకపోతే ఇదే వేదికపై క్షమాపణ కోరతాను" అన్నాను. 2004 జూన్‌లో శుక్రుడు సూర్యబింబం మీదుగా నల్లచుక్కలా సాగే రోజును పరీక్షగా ఎంచుకున్నాము.

అనంతపురంలో ఉదయం ఆరింటికి బెంగళూరు బస్సెక్కి, నలుగురు మిత్రులతో రెండు గంటల్లో దిగాను. టికెట్టు అప్పట్లో నలభై రూపాయల లోపే. బస్సు ఆగేచోట హోటల్లో ఉగ్గాని, బజ్జీ తిని, అక్కడి గోడ గడియారంతో అందరి గడియారాలూ కలిపాను.

"ఏమప్పా, ఐదుమందీ టైము కలుపుకుంటాండారు, యాడన్నా దోపిడీకి పోతాండారా?" అన్నాడు హోటలు నడిపే ఓబులేసన్న.

"సూర్యుడి దగ్గరికి, అన్నా."

"ఈ ఎండలో ఆయప్పే ఈడికొస్తాండాడు, మీరు పోయేదేంది!"

ఊరి బయట, వేరుశనగ కోసం దున్ని వాన పడక ఆగిన చేలో చిన్న దూరదర్శిని నిలిపి, సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడేలా చేశాము. పదకొండు దాటాక, చుక్క పూర్తిగా బింబంలోకి చేరిన క్షణాన్ని ఎవరికి వారు రాసుకున్నాము. ఐదు సమయాలూ ఇరవై సెకన్ల లోపే ఒదిగాయి. పొంగిపోయి సగటు తీశాను. పత్రికలో ఇచ్చిన సమయం కంటే అది దాదాపు ఏడు నిమిషాలు ఎక్కువ! క్షమాపణ వాక్యాలు కూర్చుకుంటూ హోటలుకు తిరిగి వచ్చాను.

సంగతి విని ఓబులేసన్న పగలబడి నవ్వాడు. "ఆ గడియారాన్ని నమ్మినారా? బస్సు తప్పితే జనం నన్నే తిడతారని నేనే ముందుకు తిప్పి పెట్టినా. ఈడ అందరికీ తెలుసు!"

"ఎంత ముందుకు, అన్నా?"

"ఏడో, ఎనిమిదో. ఏడు రాసుకో, నీ పని అయిపోతాది."

జవాబు చూసి దానికి సరిపోయే దిద్దుబాటును ఎంచుకోవడం మోసం. కనుక ఒంటిగంట వార్తలకు ముందు రేడియోలో వచ్చే బీప్‌ల కోసం కూర్చున్నాము. గోడ గడియారం ఆరు నిమిషాల యాభై సెకన్లు ముందుంది. అది తీసివేస్తే మా సగటు పన్నెండు సెకన్ల తేడాలో నిలిచింది. అప్పుడే ఆకలి తెలిసింది. సంగటి, ఊరిబిండి రెండుసార్లు పెట్టించుకున్నాను.

వేదికపై గెలిచాను గానీ, ముందు నా వాదనలోని లోపాన్ని నేనే ఒప్పుకున్నాను. సగటు ఒక్కొక్కరి తడబాటును చెరుపుతుంది. అందరూ ఒకేచోట అరువు తెచ్చుకున్న తప్పును మాత్రం తాకదు. పైగా అందరి మాటా ఒకటే కావడంతో దాన్ని మరింత నమ్మిస్తుంది. విశ్వం వయసును అంచనా వేసేవారు ఆకాశంకన్నా ముందు తమ కొలబద్దను ఎందుకు అనుమానిస్తారో అప్పుడు అర్థమైంది. ఇలాంటి రోజు మళ్లీ 2012లో వస్తుంది. చూడబోయేవారు బస్సెక్కకముందే రేడియో సమయంతో గడియారం కలుపుకోండి.