నైట్ షిఫ్టుల సముద్రం

సముద్రం ఏ రంగుల ఉంటదో ఒక్కసారి చూడాలె. నా పానమంతా దానిమీదనే ఉండె. గోదారిఖనిల చూసేటందుకు ఏమున్నది? దండెం మీద ఆరేసిన తెల్లచీర పొద్దుమీకేసరికి బూడిదరంగుకొస్తది. మా ఆయన పనిచేసే బొగ్గుబాయి కంపిని నాలుగేండ్లకోసారి దేశం తిరిగి రమ్మని సెలవిస్తది. ఒకసారి మా ఆడిబిడ్డ పెండ్లని పోలే, ఇంకోసారి మా ఆయన కాలిరిగిందని పోలే. ఈసారి దాటితే ఇగ ఆయన రిటైరే.

మా క్వార్టర్ల లైనుల ఐదిండ్లోళ్ళం కలిసి బస్సు మాట్లాడుకున్నం. ఎటెటు పోవాలెనో రాసుకునేటందుకు ఓ ఆదివారం మగోళ్ళంతా మా వాకిట్ల కూసున్నరు. ఛీ, ఏం కూసునుడో అది! గుట్కా నమిలి నా తులసిచెట్టు మొదట్లనే ఉమ్ముడు. బడిపిల్లల మ్యాపు పరిచి, దానిమీదనే మిర్చిబజ్జీలు పెట్టుకొని తినుడు. ఒకాయనకు కంచిల పట్టుచీరెలు కావాలె, ఒకాయన సేలంల దోస్తును చూడాలె, ఇంకొకాయన అరుణాచలం లేకుంటే బస్సే ఎక్కనంటడు. దేశమంతా వీళ్ళయ్య జాగీరైనట్టు! మ్యాపుల సముద్రమున్న కాడ ఇంత నూనె మరక పడ్డది. కొంగుతోని తుడిస్తే ఇంకింత పాకింది.

రాసేటాయన బాయి మీద హాజరు రాసే అన్న. ఆయనకు ఇంకో తీరు రాసుడు రాదు. రోజుకు మూడు గళ్ళు గీసిండు: ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైట్ షిఫ్టు. ఫస్టు షిఫ్టుల మదురై, సెకండు షిఫ్టుల తిరునెల్వేలి, నైట్ షిఫ్టుల కన్యాకుమారి. రాత్రి పదింటికి దిగుడు, తెల్లారకముందే నాలుగింటికి మళ్ళ బస్సెక్కుడు.

"అన్నా, సముద్రాన్ని రాత్రిపూట పెట్టినవేంది?" అని అడిగిన.

"గుళ్ళంటే రాత్రి మూస్తరు చెల్లె. సముద్రాన్ని ఎవడు మూస్తడు?" అన్నడు. అందరు ఇరగబడి నవ్విండ్రు.

నేను మా ఆయన దిక్కు చూసిన. నోట్ల బజ్జీ పెట్టుకొని, "రాత్రయితేంది, పగలైతేంది, అంత ఒక్కటే గద" అన్నడు. ముప్పయ్యేండ్లు బాయిల దిగి దిగి ఆయనకు పగలుకు, రాత్రికి తేడా పోయింది. ఆడ కూసున్నోళ్ళందరికీ గంతే. ఒక్కడికన్నా అది తప్పని తోచలే. నాకు ఒళ్ళు మండి బజ్జీల గిన్నె గుంజుకొని లోపలికి పోయిన.

కాయితం మీద ఎట్ల రాసిండ్రో అట్లనే అయింది. కన్యాకుమారిల ఒడ్డుకు పోయి నిలబడితే గాలి మొఖానికి కొడుతున్నది, సప్పుడు చెవుల నిండ ఉన్నది, కండ్లకు మాత్రం ఏం లేదు. "తెల్లారేదాక ఆగుదామన్నా" అని హాజరు రాసే అన్నను బతిమిలాడిన.

"ఒక్కకాడ ఆగితే షిఫ్టులన్నీ ఎనుకకు పడతయి చెల్లె. పొద్దుగాల సుచీంద్రం గుడున్నది" అన్నడు.

మా ఆయన అప్పటికే బస్సుల గురక పెడుతున్నడు. థూ, నా బతుకు చెడ, అనుకుంట నేను గూడ ఎక్కిన.

ఇంటికొచ్చిన తెల్లారి మధ్యాహ్నం, మాతోని బస్సుల రాని పక్కింటక్క వచ్చింది. మా ఆయన ఫస్టు షిఫ్టు డ్యూటీ దిగొచ్చి, ముంగట కంచం పెట్టుకొని కూసున్నడు. చెవుల సందుల బొగ్గు ఇంక పోలేదు.

"ఏం చెల్లె, సముద్రం ఏ రంగుల ఉన్నది?" అని అడిగింది ఆమె ఆశగ.

"నల్లగున్నదక్కా" అన్న.

మా ఆయన కలిపిన ముద్ద కంచంల్నే పెట్టిండు.