పైకి పోని యంత్రం

కరీంనగర్‌లో బస్సెక్కితే నా పక్క సీట్లో ఒకమ్మాయి కూర్చుంది. గోదావరిఖని బొగ్గుగనుల కాలనీలో పెరిగిందట. ఇప్పుడు బెంగళూరులో, అంతరిక్షంలోకి పంపే దుర్భిణులను పరీక్షించే చోట ఇంజనీరట. ఏం పరీక్షిస్తారని అడిగాను.

"ఆకాశంల ఉన్న ఒక్క చుక్క వెలుగును రెండు అద్దాలతోటి పట్టి ఒక్కకాడ కలపాలె అంకుల్. గట్లయితె చుక్క ఎంత పెద్దగుందో తెలుస్తది. పైకి పంపకముందు కిందనే, గాలి తీసేసిన గదిల చూస్తం. బయట లారీ పోయినా అద్దం వణుకుతది. ఏండ్లు పట్టింది. మొన్ననే కుదిరింది."

"మరి పైకెప్పుడు పోతదమ్మా?"

"పోదు. పరీక్షల పాసైనంక పథకమే బంద్ చేసిన్రు. అద్దాలు నేనే ఊడదీసి డబ్బాలల్ల పెట్టిన. బాపేమో, నా బిడ్డ యంత్రం ఆకాశంలకు పోతదని కాలనీ అంతా చెప్పుకున్నడు. ఫోన్‌ల చెప్ప నోరు రాలే."

ఆమె దిగే చోట ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఇద్దరు దోస్తులతో నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి చూస్తున్నాను.

"ఎప్పుడు పంపిస్తరట బిడ్డా?" దోస్తులకు వినబడేలా అడిగాడు.

"పంపరు బాపూ."

ఆయన నవ్వుతూనే చెవి దగ్గరికి తెచ్చాడు. "బస్సు చప్పుడుకు ఇనవడ్తలేదు."

ఆమె మళ్లీ, గట్టిగా చెప్పవలసి వచ్చింది.