రేకు వంచే యాదగిరి, బిడ్డ కన్ను

మా కొడుకు యాదగిరి పటాన్‌చెరు కంపెనీల పదమూడేండ్ల సంది రేకులు వంచుతడు. కరెంటు డబ్బాలకు మూలలు తిప్పుడు వాని పని. కన్నకొడుకని చెప్తలేను, వాని చేతిల ఒక్క రేకు ఖరాబ్ కాదు. నోరు మాత్రం తెరవడు. ఏదన్న అడిగితె "సూద్దాం తీయే అమ్మా" అంటడు. నాకు ఒళ్లు మండుతది.

వాని బిడ్డ తనుశ్రీకి ఆరేండ్లు. అలసిపోతె ఎడమ కన్ను చెవి దిక్కు జరిగేది. ఎండల ఒక కన్ను మూసుకునేది. నకరాలు చేస్తున్నదని నేనే రెండు దెబ్బలేసిన, పాపం! మెల్లకన్ను అదృష్టమని కూడ అన్న. యాదగిరి ఇనలే. వాడు, కోడలు నాగేశ్వరి కలిసి దసరాకు వారం ముందు ఆపరేషన్ చేయించుకొచ్చిన్రు.

ఇంటికొచ్చినంక సూస్తె ఏమున్నది? చెవి దిక్కు పోయే కన్ను ఇప్పుడు ముక్కు దిక్కు తిరిగింది! పిల్ల గిలాస అందుకోబోతె చెయ్యి పక్కకు పోతున్నది. "రెండు గిలాసలున్నయి నానమ్మా" అంటది.

"మంచిగున్న పిల్లను ఖరాబ్ చేయించినవ్ గదరా! రేపే ఇంకో దవాఖానకు తీస్కపోయి సక్కగ చేయిస్త" అని లొల్లి పెట్టిన.

"కావాల్ననే జెర లోపలికి పెట్టిన్రే. డాక్టరమ్మ ముందే చెప్పింది, అదే ఎనుకకొస్తది" అన్నడు. ఎవలు నమ్ముతరు?

ఆయుధ పూజ నాడు కంపెనీల ఇంటోళ్లను గూడ రానిస్తరు. రేకులు వంచే మిషన్‌కు బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టినంక, పని మంచిగ నడవాల్నని ఒక్క రేకు వంచుతరు. అది యాదగిరే వంచాలె. నన్ను పక్కకు నిలవెట్టుకున్నడు. మిషన్ రేకు మీదికి దిగింది. సూస్తె మూల ఎక్కువ వంగింది.

"పండుగ పూట నీ చేతికేమైందిరా?" అన్న.

"ఆగు" అన్నడు. మిషన్ పైకి లేవంగనే రేకు జెర ఎనుకకొచ్చి నిలబడ్డది. మూలమట్టం పెట్టి సూపిచ్చిండు. వెంట్రుక సందు లేదు.

"సరిగ్గ వంచితె అది మళ్ల తెరుసుకుంటదే అమ్మా. గందుకే ముందుగాల్నే ఎక్కువ వంచుతం. కన్ను గూడ గట్లనే."

వాడు నాతోని ఒక్కసారి గన్ని మాటలు మాట్లాడంగ నేనెన్నడు సూడలే. ఇంకో దవాఖాన మాట ఇడిచిపెట్టిన గని భయం పోలే. రోజూ పొద్దుగాల పిల్ల లేవంగనే గిలాస ముందట పెట్టి, ఎన్నున్నయే అని అడుగుడే. ఆపరేషన్ అయిన పదిహేనో నాడు అది నా మొకం దిక్కు సూసి, "ఒక్కటే గద నానమ్మా, నీకు కనవడ్తలేదా?" అన్నది. నేను బోరున ఏడ్చిన.

మొన్న దవాఖానకు నేను గూడ పోయిన. డాక్టరమ్మ పిల్లకు ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి సూసి, సక్కగున్నయన్నది. కొందరు పిల్లలకు ఏండ్లు గడిచినంక మళ్ల బయటికి జరుగుతదట, సూపిస్తనే ఉండాల్నట.

"మళ్ల కోయాల్సొస్తె ఎట్ల?" అని నాగేశ్వరి గుబులువడ్డది.

"వస్తె చేయిద్దాం" అన్న. "ఈసారి పిల్ల చెయ్యి పట్టుకొని లోపలిదాక నేనే పోత."